నేను సాపు చేయించిన రోలర్

కాగితం మిల్లులో తడి కాగితాన్ని పిండే రోలర్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లావున ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎవరైనా అనుకోవచ్చు గానీ, ఆ రోలర్లను చూసుకునే ఉద్యోగంలో ఉండి నేను అనుకోకూడదు. అలా అనుకున్నందువల్ల ఒక రోలర్ పాడైంది. అది పెద్ద సంగతేమీ కాదు, రోలర్లు మళ్ళీ బాగుపడతాయి. కానీ ఆ తప్పును నాకన్నా ముప్పై ఏళ్ళు పెద్దవాడైన ఒక మేస్త్రి నెత్తిన వేశాను. అందుకు సిగ్గుపడుతూనే ఇంతకాలం గడిపాను. ఇది రాద్దామని ఎన్నోసార్లు కూర్చుని, వేరే పనేదో గుర్తుకొచ్చినట్టు లేచిపోయాను.

డెబ్బైల్లో మాట. విజయవాడ నుంచి మైలవరం వెళ్ళే దారిలో, రోడ్డు మీదికి కనిపించని చోట ఓ చిన్న మిల్లు ఉండేది. వరిగడ్డిని సున్నం నీళ్ళలో ఉడకబెట్టి, గుజ్జు చేసి, అట్టలూ, పొట్లాల కాగితమూ తీసేవాళ్ళం. చెప్పుల డబ్బాలు, మిఠాయి డబ్బాలు, లెక్కల పుస్తకాల అట్టలు అన్నీ దాంతోనే తయారయ్యేవి. ఉడికిన గడ్డి వాసన బట్టలకు పట్టేసేది. బస్సెక్కితే పక్కవాళ్ళు కిటికీ వైపు జరిగేవాళ్ళు.

మాది పామర్రు దగ్గర పల్లె. వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో పాలిటెక్నిక్ చదివిన మొదటివాణ్ణి నేను. డిప్లొమా చేతికొచ్చిన ఆరు నెలలకే ఈ మిల్లులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా ఉద్యోగం దొరికింది. మా వైపు నుంచే మిల్లుకు గడ్డి లారీలు వచ్చేవి. ఇంటికెళ్ళినప్పుడల్లా మా నాన్న, "మన గడ్డి బాగా ఉడుకుతోందంట్రా?" అని అడిగి నవ్వేవాడు. ఆయనకు అది వేళాకోళం. నాకు చిన్నతనంగా ఉండేది. గడ్డి కోసే ఇంట్లోంచి వచ్చి యంత్రాలకు డాక్టరునయ్యానని నా లెక్క. జేబులో స్టీలు స్కేలు, చేతిలో సొంత డబ్బుతో కొన్న పెద్ద క్యాలిపర్ పెట్టుకుని మిల్లంతా తిరిగేవాణ్ణి. ఏ ఇనుప ముక్క కనిపించినా కొలిచేవాణ్ణి. దేనికి కొలిచానో అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

రోలర్ల పని అంతా మేస్త్రి చూసేవాడు. భవానీపురంలో ఉండేవాడు. క్రైస్తవులు. యాభై దాటిన సన్నటి మనిషి, ఖాకీ నిక్కరు, ఎప్పుడూ చేతిలో నూనె గుడ్డ. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను. అప్పట్లో ఎదురుగా 'నువ్వు' అనేవాణ్ణి, వెనకాల 'వాడు' అనేవాణ్ణి. మా నాన్నకన్నా పెద్దవాడు. ఆయన నన్ను 'బాబూ', 'అండి' అని తప్ప పిలిచి ఎరగడు. మిల్లులో అది మామూలే అనుకునేవాణ్ణి. కానీ మా మేనేజరుగారు ఆయన్ని 'మేస్త్రిగారూ' అని పిలవడం నేను విన్నాను. విని కూడా మారలేదు.

పని ఎలా జరిగేదో కొంచెం చెప్పాలి. గుజ్జు పల్చటి పొరగా జాలీ మీద పరుచుకుని, ఉన్ని కంబళి లాంటి ఫెల్టు మీదికెక్కి, రెండు రోలర్ల మధ్య దూరుతుంది. పైది రాతి రోలర్, కిందది ఇనుము మీద రబ్బరు తొడిగింది. అవి రెండూ నొక్కితే నీళ్ళు పోతాయి. అక్కణ్ణుంచి షీటు ఆవిరితో కాగే డ్రైయర్ల మీదికి పోతుంది. రోలర్లు సరిగ్గా పిండకపోతే ఆ తర్వాత ఎంత ఆవిరి పెట్టినా లాభం లేదు. అందుకే ఆ రబ్బరు రోలర్‌ను ఏడాదికోసారి దించి, లేతు మీద ఎక్కించి, పైపైన అరగదీసి మళ్ళీ బిగించేవాళ్ళు. మేస్త్రికి ఆ రోలర్లంటే ఇంట్లో మనుషులంత లెక్క. వాడకంలో లేని స్పేరు రోలర్‌ను కూడా ప్రతి సోమవారం పావు వంతు తిప్పి పెట్టేవాడు. ఎందుకని అడిగితే, "ఒకపక్కే పడుకుంటే ఒళ్ళు పట్టేస్తుందండి, ఒంగిపోద్దండి" అన్నాడు. నేను నవ్వాను.

ఆ ఏడు వార్షిక షట్‌డౌన్ నా చేతి మీదుగా జరిగిన మొదటిది. రబ్బరు రోలర్‌ను దించారు. నేను క్యాలిపర్ తీసుకుని ఆ కొస, ఈ కొస, మధ్య, మూడు చోట్లా కొలిచాను. మధ్యలో లావుగా ఉంది. కొద్దిగానే, కంటికి ఆనదు, కానీ క్యాలిపర్ అబద్ధం చెప్పదు. ఒక లోపం పట్టుకున్నానని నాకు ఒళ్ళు పొంగిపోయింది.

"చూశావా మేస్త్రీ? రెండు కొసలూ అరిగిపోయాయి. ఇన్నాళ్ళూ ఎవరూ చూసుకోలేదు."

"అరగలేదండి బాబూ. అది పొట్ట. దానికి పొట్ట ఉండాలండి."

"పొట్టేంటి? రోలర్ కడుపుతో ఉందా ఏంటి?"

చుట్టూ ఉన్న నలుగురు ఫిట్టర్లూ గొల్లుమన్నారు. మేస్త్రి కూడా కొంచెం నవ్వాడు, మర్యాద కోసం. తర్వాత నెమ్మదిగా, చేతులతో చూపిస్తూ చెప్పాడు. "పైన రాయి బరువుందండి. రెండు పక్కలా లివర్లకి బరువులు కడతామండి. కొసలు పట్టుకుని నొక్కితే రోలర్ నడుం వంగుద్దండి. వంగినాక అంతా ఒకటే నొక్కుడు పడాలంటే మధ్యలో ముందే కాస్త పొట్ట పెట్టుకోవాలండి. లేకపోతే నడిమధ్య నీళ్ళు పిండదండి."

ఇంతకన్నా బాగా ఏ ప్రొఫెసరూ చెప్పలేడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వినిపించింది ఒక్కటే, నలుగురి ముందు ఒక నిక్కరు మనిషి నాకు పాఠం చెబుతున్నాడు.

"నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇది లేదు" అన్నాను. అది నిజమే. నేను చదివిన పుస్తకాల్లో కాగితం మిల్లే లేదు.

"పోనీ ఒక్కసారి మేనేజరుగారిని అడుగుదామా బాబూ?"

ఆ మాటతో నాకు మండిపోయింది. అడిగితే ఏం పోయేది? మేనేజరుగారి గది యాభై అడుగుల దూరంలో ఉంది. "ఆయన్ని అడగడానికి నేనెందుకిక్కడ? ఈ కొస నుంచి ఆ కొస దాకా సాపు చెయ్యి. నేనొచ్చి కొలుస్తా" అన్నాను.

ఆయన రోలర్‌ను లేతు మీదికి ఎక్కించాడు. రెండు రోజులు లేతు దగ్గరే ఉన్నాడు. రబ్బరు కాలకుండా నీళ్ళు వదులుతూ, వెంట్రుకవాసి చొప్పున అరగదీశాడు. మూడో రోజు వెళ్ళి కొలిస్తే ఎక్కడ పెట్టినా ఒకటే కొలత. ఇష్టం లేని పనిని కూడా అంత శుభ్రంగా చేశాడు. "ఇదీ పనంటే" అని మెచ్చుకున్నాను కూడా. ఆయన రోలర్ మధ్యలో అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

మిషను మొదలుపెట్టిన గంటకే వ్యవహారం బయటపడింది. షీటు అంచులు పొడిగా, కరకరలాడుతూ వస్తున్నాయి. నడిమధ్య మూరెడు మేర మాత్రం నల్లగా తడి. డ్రైయర్ల మీదికెక్కగానే అంచులు ముడుచుకుపోతాయి, మధ్య సాగుతుంది, ఫట్‌మని తెగుతుంది. మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ తెగింది. సరిగ్గా నొక్కడం లేదనుకుని లివర్లకు ఇంకో రెండేసి బరువులు కట్టమన్నాను. దాంతో రోలర్ ఇంకా వంగి ఉంటుంది, అంచుల దగ్గర ఫెల్టు నలిగిపోవడం మొదలైంది. మేస్త్రి దూరంగా నిలబడి చూస్తున్నాడు. నేను ఆయన వైపు చూడకుండా పని చేయిస్తున్నాను. చూస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అప్పటికే నాకు అర్థమైపోయింది.

మేనేజరుగారు వచ్చారు. కాగితం పనిలోనే జుట్టు నెరిసినాయన. షీటును చేత్తో తడిమి చూసి, ఒక్క మాటే అడిగారు.

"రోలర్‌కి క్రౌన్ ఏమైంది? ఎవరు తీసేశారు?"

పొట్టకు పుస్తకాల్లో పేరు క్రౌన్ అని నాకు తెలిసింది ఆ క్షణంలో. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఊళ్ళో మా నాన్న అందరికీ చెప్పుకున్నాడు. మేస్త్రి నాకు మూడు గజాల దూరంలో ఉన్నాడు. 'నేనే తీయించానండి, మేస్త్రి వద్దన్నాడు' అనడానికి ఎంతసేపు పడుతుంది?

"గరుకు పోయేలా సాపు చెయ్యమని నేనే చెప్పానండి" అన్నాను. "క్రౌన్ ఉంచాలని మేస్త్రికి తెలుసు కదా అనుకున్నానండి."

ఆ వాక్యాన్ని ఇన్నేళ్ళుగా తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. అందులో ప్రతి ముక్కా నిజానికి దగ్గరగానే ఉంది. సాపు చెయ్యమంది నేనే. మేస్త్రికి తెలుసన్నదీ నిజమే. ఆయన తెలివినే ఆయన మీదికి తిప్పాను. అంత భయంలో అంత చక్కటి అబద్ధం నాకు ఎలా తట్టిందో తెలియదు. మంచి పనికి ఏనాడూ నా బుర్ర అంత చురుగ్గా పనిచేయలేదు.

మేనేజరుగారు ఆయన వైపు తిరిగారు. "ఏం మేస్త్రిగారూ, ఇన్నేళ్ళ సర్వీసు. మీకు తెలీదా?"

నా వైపు చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టూ కాదు. నాకు మాట్లాడ్డానికి సందు ఇచ్చాడు, అంతే. నేను మిషను వైపు చూస్తూ నిలబడ్డాను. రాయి రోలర్ తిరుగుతూనే ఉంది.

"తెలుసండి" అన్నాడు మేస్త్రి. "పొరపాటైందండి."

ఎందుకలా అన్నాడో నేను ఎప్పుడూ అడగలేదు. డిప్లొమా వాడి మాటకు ఎదురు చెబితే నమ్మరనుకున్నాడో, నలుగురి ముందు ఒక కుర్రాణ్ణి అబద్ధాలకోరుగా నిలబెట్టడం ఇష్టం లేదో. ఆయన వద్దన్నప్పుడు నవ్విన నలుగురు ఫిట్టర్లూ అక్కడే ఉన్నారు. వాళ్ళూ నోరు మెదపలేదు. వాళ్ళ సంగతి వాళ్ళది, నేను నా సంగతే రాస్తున్నాను.

మేనేజరుగారు ఆయన్ని పనిలోంచి తీసేస్తానన్నారు. అప్పుడు నేను గదిలోకి వెళ్ళి బతిమాలాను. "పెద్దవాడండి, ఎక్కడికి పోతాడు? గడ్డి యార్డులో వేయండి" అన్నాను. మేనేజరుగారు సరే అన్నారు. "నీది మంచి మనసయ్యా" అన్నారు. ఆ రోజు సాయంత్రం గవర్నరుపేటలో నా గదికి వెళ్తూ, ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టానని నిజంగానే తృప్తిపడ్డాను. మనిషి తనను తాను ఎంతదాకా మోసం చేసుకోగలడో అప్పుడు చూశాను. చూసి గుర్తుపట్టలేదు.

గడ్డి యార్డు అంటే లారీల నుంచి గడ్డి దింపి, వాము వేసి, నిప్పంటుకోకుండా నీళ్ళు చల్లడం. రోజంతా దుమ్ము. వెంట్రుకవాసి తేడా పట్టగల వేళ్ళతో ఆయన కొంకి పట్టుకుని గడ్డి లాగేవాడు. నిక్కరు జేబులో మాత్రం నూనె గుడ్డ అలాగే ఉండేది.

ఇంతలో అసలు చిక్కు వచ్చిపడింది. రోలర్‌కు మళ్ళీ పొట్ట పెట్టాలి. అప్పటిదాకా పాత స్పేరు రోలర్‌తో మిషను నెమ్మదిగా నడుస్తోంది. "ఇక మేస్త్రిని దాని మీద చెయ్యి వెయ్యనివ్వద్దు, నువ్వే దగ్గరుండి చెయ్యి" అన్నారు మేనేజరుగారు. ఎలా చెయ్యాలో నాకు తెలియదు. మిల్లు మొత్తంలో తెలిసినవాడు ఒక్కడే. ఒక పూటంతా లేతు చుట్టూ తిరిగి, చివరికి మొహం చంపుకుని గడ్డి యార్డుకు వెళ్ళాను.

వాము మీద ఉన్నాడు. నన్ను చూసి దిగాడు. "మేస్త్రీ, ఆ రోలర్ పొట్ట..." అన్నాను.

"రేపు భోజనాల బెల్లు కొట్టినాక వస్తానండి" అన్నాడు. "అప్పుడైతే వర్క్‌షాపులో ఎవరూ ఉండరండి. లేతు బెడ్డు తుడిపించి పెట్టండి."

నాలుగు రోజులు తన అన్నం మానుకుని వచ్చాడు. వెనక షెడ్డు వైపు నుంచి, దొంగలా. దొంగను నేనైతే దొంగలా రావాల్సిన గతి ఆయనకు పట్టింది. లేతు బెడ్డు పొడవునా సుద్దముక్కతో గీతలు పెట్టాడు. అరగదీసే సానరాయి ఒక్కో గీత దగ్గరికి రాగానే హ్యాండిలును ఇంత, అంటే వేలు కదిలిందో లేదో అన్నంత తిప్పాలి. మధ్య దాకా ఇటు, మధ్య దాటాక అటు, కొసలు ఎక్కువ అరిగి మధ్య లావుగా మిగిలేలా. ఎంత పొట్ట పెట్టాలని అడిగితే, "కొసలకన్నా రెండు పోస్టుకార్డుల మందం ఎక్కువండి, మన బరువులకి సరిపోద్దండి" అన్నాడు. నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టి హ్యాండిలు తిప్పించాడు. ఆ చెయ్యి గడ్డి గీసుకుని చారలు పడి ఉంది. ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా 'మీరు' అందామనిపించింది. అనలేదు. అంటే ఎందుకు మారావని ఆయన చూపు అడుగుతుందని భయం.

రోలర్ బిగించాక పరీక్ష ఎలా చేయాలో కూడా చెప్పాడు. పల్చటి కాగితం పేలికలు ఏడు, రెండు రోలర్ల మధ్య ఆ చివర నుంచి ఈ చివరకు పెట్టి, పై రోలర్ దించి, ఒక్కోదాన్నీ లాగి చూడాలి. అన్నీ ఒకే బిగువుతో రావాలి. కళ్ళు మూసుకుని లాగమన్నాడు. అన్నీ ఒకేలా వచ్చాయి. అది చూడ్డానికి ఆయన అక్కడ లేడు, యార్డులో లారీ వచ్చింది.

షీటు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సమానంగా ఆరి వచ్చింది. మేనేజరుగారు నా భుజం తట్టారు. "చదువుకున్నవాడు చేస్తే ఇలా ఉంటుంది" అన్నారు, అందరికీ వినపడేలా. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు. రెండు నెలలకు నన్ను పర్మినెంటు చేశారు.

వర్షాలు మొదలయ్యాక మేస్త్రి వారం రోజులు పనిలోకి రాలేదు. దుమ్ముకు దగ్గు పట్టుకుందని ఎవరో చెప్పారు. నాకు ఇక మనసు నిలవలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భవానీపురం వెళ్ళాను. బస్సులో కూర్చుని మాటలు వల్లె వేసుకున్నాను. 'మేస్త్రిగారూ, తప్పు నాది. రేపే మేనేజరుగారికి చెబుతాను. మిమ్మల్ని మళ్ళీ రోలర్ల పనికి రప్పిస్తాను.' మూడు ముక్కలు. దిగేసరికి నోటికి వచ్చేసింది.

ఆయన నులక మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఆయన భార్య చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఇంకా తెల్లచీరలోనే ఉంది. పక్కింటికి పరిగెత్తి ఒక కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

"మా ఇంట్లో టీ తాగుతారాండి?" అని గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"ఎందుకు తాగనమ్మా" అన్నాను. నాకు అలాంటి పట్టింపులు లేవని, ఆ పరిస్థితిలో కూడా, లోపల ఒకసారి నన్ను నేను మెచ్చుకున్నాను.

టీ తెచ్చి ఇచ్చి, ఆమె వెళ్ళలేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది.

"మీ గురించి చెప్పాడండి ఈయన. అంత పెద్ద పొరపాటు చేస్తే, మీరే అడ్డంపడి ఉద్యోగం నిలబెట్టారంటగా. ప్రతి ఆదివారం మీ కోసం ప్రార్థన చేస్తన్నానండి. ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాల."

నేను మేస్త్రి వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. తన ఇంట్లో, తన భార్యకు కూడా నిజం చెప్పలేదు. తప్పు తనదేనని చెప్పుకున్నాడు. మిల్లులో నేను వేసిన బరువును ఇంటిదాకా మోసుకొచ్చాడు.

"ముప్పై ఏళ్ళు చేసిన పనండి" ఆమె గొంతు తగ్గించింది, ఆయన వినకూడదన్నట్టు. ఆయన రెండు అడుగుల దూరంలో ఉన్నాడు. "ఎట్టా మర్చిపోయాడో అర్థం కాలేదండి నాకు. పెద్దతనం వచ్చేసింది, బుర్ర పట్టు తప్పుతోందని అప్పుడు తెలిసింది. అప్పట్నుంచి పొయ్యి దగ్గరికి కూడా వెళ్ళనివ్వట్లేదండి. బజారుకి ఒక్కణ్ణీ పంపించట్లేదు."

"బాబుగారికి చక్కెర సరిపోయిందో లేదో అడుగు" అన్నాడు మేస్త్రి, గోడ వైపు చూస్తూనే.

బస్సులో వల్లె వేసిన మూడు ముక్కలూ నోట్లోనే ఉన్నాయి. చెప్పాల్సింది ఇక మేనేజరుగారికి కాదు, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ ఈమెకు. నా కోసం ప్రార్థన చేస్తున్న మనిషి మొహం మీద ఆ మాట చెప్పాలి. ఆమె జవాబు కోసం నా వంక చూస్తోంది.

"దాందేముందమ్మా" అన్నాను. "మనుషులన్నాక ఎవరైనా పొరపాటు చేస్తారు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి తల వంచుకున్నాడు. ఆయన ఇంట్లో కూర్చుని, ఆయన భార్య ముందు, ఆయన్ని నేను క్షమించాను. టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, వస్తానని చెప్పి లేచాను. మర్నాడు మేనేజరుగారి గదికి వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా వెళ్ళలేదు.